‘అట’ లేని వార్త: సామాజిక మాధ్యమ వేదికల లక్షణాలు, వినియోగదారుల గోప్యత – దక్షిణ తెలంగాణ అనుభవం

వ్యాససంగ్రహం:

సామాజిక మాధ్యమాలపై జరిగే చర్చలో గోప్యత, అజ్ఞాతత్వం అనే రెండు భావనలు తరచుగా ఒకటిగా కలిసిపోతున్నాయి. 2018లో ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ప్రాంతంలో వ్యాపించిన పిల్లల అపహరణ వదంతులను ఆధారంగా తీసుకొని ఈ రెండింటి భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు వ్యవహారంలో విన్న మాటను విన్న మాటగా గుర్తించే పద్ధతి ఉంది. వేదికల నిర్మాణం ఆ గుర్తును తొలగిస్తుంది. పోయిన ఆ గుర్తును తిరిగి నిలపడానికి వినియోగదారుల గోప్యతను బలిపెట్టనవసరం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సామాజిక మాధ్యమాలు, వాట్సాప్, గోప్యత, వదంతి, గద్వాల, పాలమూరు, నల్లగొండ, తెలుగు వ్యవహారం.

1. ఉపోద్ఘాతం:

దక్షిణ తెలంగాణ ఎగువభూముల్లో స్మార్ట్‌ఫోన్ అక్షరాస్యత కంటే వేగంగా విస్తరించింది. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. పాలమూరు కూలీలు తరతరాలుగా దూరప్రాంతాలకు వలస వెళ్లారు. అటువంటి కుటుంబాలకు గొంతు సందేశం, వీడియో కాల్ నిత్యావసరాలు. ఉత్తరం రాయించుకోవడానికీ, చదివించుకోవడానికీ మరొకరిని ఆశ్రయించే అగత్యం వాటితో తప్పింది. ఆ మేరకు ఈ వేదికలు సామాన్యుని ఏకాంతాన్ని పెంచాయని గుర్తించాలి. ఈ మేలును పక్కనపెట్టి వేదికలను విమర్శించడం ఏకపక్షమవుతుంది.

అయితే వేదిక ఊహించిన వినియోగదారుడు ఒక ఫోను, ఒక నంబరు, ఒక తాళం ఉన్న ఒంటరి వ్యక్తి. ఈ ప్రాంతపు అనేక ఇళ్లలో ఫోను ఇంటిల్లిపాదిదీ. ఒకరికి వచ్చిన సందేశాన్ని మరొకరు తెరుస్తారు, పక్కింటివారికి చూపుతారు. ఈ తేడాను గమనించకుండా గోప్యతను అంచనా వేయడం సాధ్యం కాదు.

2. గద్వాల అనుభవం:

జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలు 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడ్డాయి. 2018 వేసవిలో అక్కడి గ్రామాల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే సందేశాలు, భయంకరమైన దృశ్యాలు వాట్సాప్‌లో వ్యాపించాయి. వేసవి రాత్రుల్లో ఆరుబయట పడుకునే జనం ఇళ్లలోకి చేరి తలుపులు బిగించుకున్నారు. గ్రామాల బాధ్యత చూస్తున్న కానిస్టేబుళ్లు ఈ మార్పును గమనించారు. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు చాటింపుతో, జానపద బాణీల పాటలతో వదంతిని ఖండించారు. స్థానిక వాట్సాప్ గ్రూపుల్లో సభ్యులుగా చేరి అనుమానాలు తీర్చారు. ఆ 400 పైచిలుకు గ్రామాల్లో ఈ వదంతి వల్ల ప్రాణనష్టం జరగలేదు.

ఆ మే నెలలోనే, 2016 వరకు నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్న బీబీనగర్ మండలంలో, బంధువుల ఊరికి వచ్చిన ఒక వ్యక్తి మూకదాడిలో మరణించాడు. అదే కాలంలో అదే భయం, ఫలితాలు మాత్రం వేరు. గద్వాలలో పోలీసులు మాటకు ముఖాన్ని తిరిగి ఇచ్చారు. చాటింపు వేసేవాడు ఎవరో ఊరికి తెలుసు, గ్రూపులో జవాబిచ్చే కానిస్టేబులు పేరూ తెలుసు. వచ్చిన వార్తకు మాత్రం చెప్పినవారెవరూ లేరు.

3. ‘అట’ – తెలుగు వ్యవహారంలో బాధ్యతా సూచకం:

తెలుగులో విన్న మాటను చెప్పేటప్పుడు వక్త ‘అట’ చేరుస్తాడు. తెలంగాణ వ్యవహారంలో ఇది ‘అంట’గా వినిపిస్తుంది. ‘పిల్లల్ని ఎత్తుకపోతున్నరు’ అనడానికీ, ‘పిల్లల్ని ఎత్తుకపోతున్నరంట’ అనడానికీ భేదం ఉంది. మొదటిది సాక్ష్యం, రెండవది వినికిడి. ‘అంట’ అన్నవాణ్ని ‘ఎవరన్నరు?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు చోటివ్వడమే ఆ చిన్న పదం చేసే పని. వదంతి మౌఖిక సమాజంలోనూ ఉంది, హాని కూడా చేసింది. కానీ దాని వెంట దానిని తరచి అడిగే సాధనం సైతం భాషలోనే ఉండేది.

ఫార్వర్డ్ సౌకర్యం ఈ సాధనాన్ని తొలగించింది. ఫార్వర్డ్ చేసేవాడు మాటను తన నోట తిరిగి చెప్పడు, యథాతథంగా దాటవేస్తాడు. ఎన్ని చేతులు మారినా వాక్యం మొదటి నిశ్చయార్థంలోనే ఉంటుంది. దృశ్యమైతే ‘అట’కు అసలు చోటే ఉండదు, ప్రతి ప్రేక్షకుడూ సాక్షిగా మారిపోతాడు. ఆ రోజుల్లో దేశమంతటా తిరిగిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. సంస్థ పేరు, సందేశం కనిపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. హెచ్చరికను భయంగా మార్చడానికి ఆ కత్తిరింపు ఒక్కటే సరిపోయింది.

ఈ నేల చరిత్ర దీనికి భిన్నమైనది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి పత్రిక’ను నడిపారు. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ను హైదరాబాదు నుంచి ప్రారంభించారు. నిజాం పాలనలోని ఆంక్షల నడుమ కూడా అచ్చులోని మాటకు సంపాదకుడు పూచీగా నిలిచాడు.

వాట్సాప్ 2018 జులైలో ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తును ప్రవేశపెట్టింది. అదే నెలలో భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించి, 2019 జనవరిలో ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. ఒకరకంగా ఈ గుర్తు యంత్రం తిరిగి చేర్చిన ‘అట’. కానీ అది అసంపూర్ణం. మాట విన్నదని చెబుతుంది, ఎవరి నోట విన్నదో చెప్పదు.

4. గోప్యత, అజ్ఞాతత్వం:

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఐటీ నియమాలు మాత్రం, కోర్టు లేదా అధీకృత సంస్థ ఆదేశించినప్పుడు, సందేశాన్ని మొదట పంపినవారిని గుర్తించాలని పెద్ద సందేశ వేదికలను ఆదేశించాయి. దీనిని వాట్సాప్ ఆ ఏడాది మే నెలలో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ దీనితో దెబ్బతింటుందని సంస్థ వాదన.

ఇక్కడ రెండు భావనలను వేరుచేయాలి. గోప్యత మనిషిది: తన మాట ఎవరికి చేరాలో నిర్ణయించుకునే హక్కు. అజ్ఞాతత్వం వార్తది: చెప్పినవాడు లేకుండా లోకంలో తిరిగే స్థితి. పై నియమం రెండవదానికి మందుగా మొదటిదాన్ని కోరుతున్నది. మొదట పంపినవాణ్ని పట్టుకున్నా కత్తిరించినవాడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. అనుమానితుని జాడ కోసం మాత్రం వలస కూలీ ఇంటికి పంపిన గొంతు సందేశానికీ గుర్తు వేయవలసి వస్తుంది. గద్వాలలో తాళం పగలగొట్టకుండానే వదంతి ఆగింది.

ఆ పద్ధతి కూడా విమర్శకు అతీతం కాదు. గ్రూపులో పోలీసు ఉన్నప్పుడు ఊరి సంభాషణ రాజ్యం కంట పడుతుంది. అధికారిని విమర్శించవలసిన నోరు అక్కడ వెనుకాడవచ్చు. బహిరంగంగా, పేరుతో, అవసరమున్నంత కాలం ఉండడం సంభాషణ. చెప్పకుండా, గడువు లేకుండా ఉండడం నిఘా. ఈ హద్దును లిఖితపూర్వకంగా గీయకపోతే మంచి ఉదాహరణ చెడ్డ అలవాటుగా మారుతుంది.

5. కొత్త వేదికలు, అనుమతి భాష:

వేదిక మారితే సమస్య తీరుతుందనే భావన కూడా పరిశీలించదగినది. స్వదేశీ వేదికగా 2025 సెప్టెంబరులో విశేష ఆదరణ పొందిన జోహో సంస్థ ‘అరట్టై’లో ఆనాటికి లిఖిత సందేశాలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. స్వదేశీయత, గోప్యత పర్యాయపదాలు కావు. సిగ్నల్ 2024లో ఫోను నంబరు కనిపించకుండా వాడుకరి పేరుతో సంభాషించే వీలు కల్పించింది. వాట్సాప్ గ్రూపులో చేరిన స్త్రీ నంబరు సభ్యులందరికీ కనిపించే స్థితిలో ఇది చిన్న విషయం కాదు. ఎవరు తనను గ్రూపులో చేర్చవచ్చో నిర్ణయించుకునే అమరికను వాట్సాప్ 2019 ఏప్రిల్‌లో తెచ్చింది. అంతకు ముందు చేరాక బయటపడడమే దారి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అనుమతి అభ్యర్థన సరళంగా ఉండాలని, అష్టమ షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలని నిర్దేశించింది. అంటే తెలుగుకు చట్టబద్ధమైన చోటుంది. కానీ వేదికల తెలుగులో ‘సేకరించబడుతుంది’, ‘పంచుకోబడవచ్చు’ వంటి కర్మణి వాక్యాలు రాజ్యమేలుతున్నాయి. ఇవి కర్తను దాచే వాక్యాలు. ‘మీ నంబరును మేము తీసుకుంటాం, ఫలానా వారికి ఇస్తాం’ అంటే చదివించుకుని విన్న వ్యక్తికీ అర్థమవుతుంది. వదంతిలో వక్త మాయమైనట్లే, విధానపత్రంలో కర్త మాయమవుతున్నాడు.

6. ముగింపు:

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, వదంతి బలం సందేశపు రహస్యంలో కన్నా దాని వక్త లోపించడంలో ఉంది. రెండు, అందువల్ల గోప్యతను తగ్గించడం వదంతికి విరుగుడు కాదు. మూడు, పరిష్కారంలో సాంకేతికతతో పాటు భాషకూ భాగముంది. గొంతుతో వినిపించే, కర్త స్పష్టంగా ఉన్న తెలుగులో అనుమతి పత్రాలను రూపొందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. విన్నదాన్ని విన్నదిగా చెప్పే అలవాటును పాఠశాల స్థాయిలోనే వ్యాకరణ పాఠంగా బోధించవచ్చు. ‘ఎవరన్నరు?’ అని అడిగే స్వేచ్ఛ, ‘ఇది నా ఇంటి మాట’ అని దాచుకునే స్వేచ్ఛ – రెండూ ఒకే పౌరునివి.