అమ్మకు చెప్పొద్దన్న మాట

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు గోదావరి జిల్లాల ఇళ్లలో చాలాసార్లు మొదట వినిపించే మాట ‘అమ్మకు తెలియనివ్వకండి’. అందులో ప్రేమ ఉంది, కాదనను. మందే లేని కాలంలో ఆ మౌనం దయ కూడా. కానీ 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే, 10 మందిలో జబ్బు కొన్నాళ్లు తగ్గుముఖం పట్టింది. ఆ మందు వెనకున్నది భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన బృందం. అప్పటినుంచి వైద్యంలో దారులు పెరుగుతూనే వచ్చాయి. ఎంచుకోవడానికి దారులున్నప్పుడు రోగిని గది బయట కూర్చోబెట్టడం తప్పని నా నమ్మకం.

రొమ్ము కేన్సర్‌నే తీసుకోండి. తొలిదశలో రొమ్ము మొత్తం తీసేసినా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా బతికే కాలంలో తేడా లేదని ఇటలీ, అమెరికాల్లో 20 ఏళ్లు వెంబడించి చూసిన అధ్యయనాలు 2002లో తేల్చాయి. అంటే ఇక్కడ తీర్పు స్కాన్‌ది కాదు, ఆమె బతుకుది. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌కు వారాల తరబడి తిరగాలి. కోనసీమ లంకలో ఉండే మనిషి పంటెక్కి ఏరు దాటి, బస్సు పట్టుకుని రాజమండ్రికో కాకినాడకో అన్ని రోజులు వెళ్లగలదా? లేక రొమ్ము పోయినా ఆపరేషన్‌తోనే సరిపెట్టుకుంటానంటుందా? (ఆ తర్వాత కూడా కొందరికి రేడియేషన్ తప్పదు, అదీ ముందే అడగాలి.) కొడుకు ఎంత మంచివాడైనా ఆ జవాబు అతని దగ్గర ఉండదు. చట్టం కూడా అతనికి ఆ హక్కు ఇవ్వలేదు. మత్తులో ఉన్న కూతురి గర్భసంచి తీయడానికి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

‘తెలిస్తే కుంగిపోతుంది’ అంటారు. కుంగుతుంది. అయితే జుట్టు రాలుతుంటే, పక్క మంచాలవాళ్లను చూస్తుంటే ఆమెకు తెలియకపోదు. తెలిసీ అడగలేక ఒక్కతే మోస్తుంది. పైగా కీమో పడ్డాక తెల్ల కణాలు తగ్గినప్పుడు జ్వరం వస్తే ప్రాణం మీదకు రావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ‘నీరసానికి సెలైన్’ అని నమ్మిన మనిషి ఓ మాత్ర వేసుకుని పడుకుంటుంది. చదువు లేదు, ఏం అర్థమవుతుందన్న మాటైతే నిలవదు. సాగు ఖర్చులు, చీటీలు, పిల్లల పెళ్లిళ్లు నడిపిన మనిషి ఆవిడ.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. కొందరు నిజంగానే తెలుసుకోవాలనుకోరు. వాళ్ల మాట మన్నించాల్సిందే. కానీ ‘అవన్నీ మీరే చూసుకోండి’ అనాల్సింది ఆవిడ. ఆమె అనకముందే అన్నట్టు మనం అనుకోకూడదు. డాక్టరు గారి గదిలోకి వెళ్లేముందే ‘అమ్మా, ఆయన చెప్పింది నీకెంతవరకు చెప్పమంటావు?’ అని అడగాలి. అడిగాక, ఆమె ఎంతసేపు ఆలోచిస్తే అంతసేపూ పక్కనే కూర్చోవాలి.