గ్రాడిల్‌లో సీమేక్ లైబ్రరీలు: మూడు పద్ధతులపై విమర్శ

ఆండ్రాయిడ్ అప్లికేషన్‌ను గ్రాడిల్ నిర్మిస్తుందని మీకు తెలుసు. అయితే బొమ్మలను కుదించే, ధ్వనిని మార్చే, సమాచారాన్ని గుప్తీకరించే లైబ్రరీలు చాలావరకు సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో ఉంటాయి. వాటిలో అనేకం సీమేక్ అనే వేరొక బిల్డ్ సిస్టమ్‌తో తయారవుతాయి. ఒక వ్యవస్థ తయారుచేసిన లైబ్రరీని మరొక వ్యవస్థలో వాడుకోవడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఏది సులభమన్న ప్రశ్నతోనే చాలామంది ఆగిపోతారు. తప్పు ఎప్పుడు, ఎవరి దగ్గర బయటపడుతుందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఈ కొలమానంతోనే మూడింటినీ పరిశీలిద్దాం.

1. సిద్ధంగా ఉన్న ఫైలును చేర్చడం

ముందే కంపైల్ అయిన ఫైళ్లను జేఎన్ఐలిబ్స్ ఫోల్డర్‌లో ఉంచితే గ్రాడిల్ వాటిని ఏపీకేలో చేరుస్తుంది. ఇంతకంటే సులువైన మార్గం లేదు. కాని ఆ ఫైలు ఏ ఎన్‌డీకేతో తయారైంది, ఏ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌ను వాడుతుంది అన్న సంగతులను గ్రాడిల్ అడగదు. మిగతా లైబ్రరీలకు ఆర్మ్ 64 రూపం ఉండి, దీనికి మాత్రం లేదనుకోండి. ఏపీకే నిరాటంకంగా తయారవుతుంది. 64 బిట్ల ఫోనులో లైబ్రరీని లోడ్ చేసేటప్పుడు మాత్రం అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్ వచ్చి అప్లికేషన్ ఆగిపోతుంది. మీ యంత్రంలో దొరకవలసిన తప్పు వినియోగదారుని చేతిలో బయటపడిందన్నమాట.

మరొక ప్రమాదం కూడా ఉంది. ఆండ్రాయిడ్ 15, ఆపై పరికరాల కోసం గూగుల్ ప్లేకు పంపే అప్లికేషన్లు 64 బిట్ల పరికరాలలో 16 కేబీ పేజీ పరిమాణానికి అనువుగా ఉండాలన్న నిబంధనకు 2025 నవంబరు 1ని గడువుగా ప్రకటించారు. 4 కేబీ అమరికతో తయారైన పాత ఫైలును ఇందుకోసం తిరిగి లింక్ చేయాలి. సోర్సు చేతిలో లేనివారికి ఆ అవకాశం లేదు.

2. సీమేక్‌ను గ్రాడిల్ చేత పిలిపించడం

2016లో వచ్చిన ఆండ్రాయిడ్ స్టూడియో 2.2 నుంచి ఈ సౌకర్యం ఉంది. గ్రాడిల్ ప్రతి ఏబీఐకి విడివిడిగా సీమేక్‌ను నడుపుతుంది. లైబ్రరీ, అప్లికేషన్ ఒకే ఎన్‌డీకేతో తయారవుతాయి కనుక పొంతన కుదరకపోవడం చాలావరకు తగ్గుతుంది. తప్పులు కూడా ఎక్కువగా నిర్మాణ దశలోనే దొరుకుతాయి.

దీని లోపం పరాధీనత. లైబ్రరీ రచయిత తన సీమేక్ ఫైలును క్రాస్ కంపైలేషన్‌ను దృష్టిలో పెట్టుకొని రాసి ఉండకపోవచ్చు. ఉదాహరణకు, కొన్ని లైబ్రరీలు నిర్మాణం మధ్యలో ఒక చిన్న సహాయక ప్రోగ్రామ్‌ను తయారుచేసి వెంటనే నడుపుతాయి. అది ఫోను ప్రాసెసర్ కోసం తయారైతే మీ కంప్యూటర్‌లో నడవదు. నాలుగు ఏబీఐలకు నాలుగుసార్లు కంపైల్ చేయడానికి పట్టే సమయం దీనికి అదనం.

3. ప్రీఫాబ్

2020లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 4.0 దీనిని ప్రవేశపెట్టింది. ఏఏఆర్ ప్యాకేజీలో లైబ్రరీతోపాటు హెడర్ ఫైళ్లు, ఏబీఐ, ఎన్‌డీకే వెర్షన్, రన్‌టైమ్ రకం, కనీస ఆండ్రాయిడ్ స్థాయి వంటి వివరాలుంటాయి. వీటి విలువ గుర్తించండి. రెండు షేర్డ్ లైబ్రరీలు చెరొక స్టాటిక్ రన్‌టైమ్‌ను కలుపుకొంటే, ఒకటి విసిరిన ఎక్సెప్షన్‌ను మరొకటి పట్టుకోలేకపోవచ్చు. మొదటి పద్ధతిలో ఇది ఫోనులో తప్ప తెలియదు. ప్రీఫాబ్ అటువంటి రన్‌టైమ్ పొరపాటును నిర్మాణ దశలోనే పట్టుకొని ఆపుతుంది.

అయినా ప్రీఫాబ్‌ను సర్వరోగనివారిణి అనలేం. అందులో ఉన్నదీ ముందే కంపైల్ అయిన ఫైలే. 16 కేబీ వంటి మార్పు వచ్చినప్పుడు ప్రచురణకర్త కొత్త ప్యాకేజీ ఇచ్చేవరకు మీరు ఆగవలసిందే. చీటీ మీద రాసినది నిజమన్న హామీ కూడా ప్రచురణకర్తదే.

ముగింపు

సోర్సు అందుబాటులో ఉండి, దాని సీమేక్ ఫైలు పద్ధతిగా ఉంటే రెండవ మార్గం మేలు. ఒకే లైబ్రరీని అనేక అప్లికేషన్లు పంచుకొంటే మూడవది తగినది. మొదటిది తాత్కాలిక అవసరానికే పరిమితం కావాలి. “పని జరుగుతోంది కదా” అన్న సమాధానంతో తృప్తిపడకండి. మీ యంత్రంలో పని జరగడం ఒకటి, మీరు చూడని ఫోనులో జరగడం వేరొకటి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: మీరు వాడుతున్న ఒక నేటివ్ లైబ్రరీని ఎంచుకొని, అది ఏ పద్ధతిలో మీ ప్రాజెక్టులో చేరిందో, దానిని తిరిగి నిర్మించవలసివస్తే మీ చేతిలో ఏమేమి ఉన్నాయో పది పంక్తులలో రాయండి.