అష్రఫీ చూసే కన్ను

అల్మాస్ అంటే వజ్రం. ఆ పేరున్న అల్మాస్‌గూడలో మా పక్కింటి పెద్దాయన మాత్రం బంగారు నాణేల మనిషి. కొన్నవి తక్కువ, చూసినవి ఎక్కువ. ఆ చూసే తీరంటేనే నాకు ముచ్చట.

నిజాం కాలపు అష్రఫీ చేతికొస్తే ముందు తూకమేస్తారు. 11 గ్రాముల పైచిలుకు ఉండాలి. తర్వాత అంచులు మాత్రమే పట్టుకుని, ముఖం మీద వేలు పడనీయకుండా, భూతద్దంలోంచి దాని మీది చార్మినార్ గుమ్మంలోకి తొంగిచూస్తారు. అక్కడ ‘మీమ్’ అక్షరముంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఆవగింజంత అక్షరంలో ఏలిక మారిపోతాడు! నాణెం మీది హిజ్రీ సంవత్సరానికీ ఏలుబడి సంవత్సరానికీ లెక్క కుదరకపోతే, బంగారం ఎంత మెరిసినా పక్కన పెట్టేస్తారు. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన దాదాపు 12 కిలోల బంగారు మొహర్ సంగతెత్తితే, ‘అది చూపించుకోడానికి, జేబులో వేసుకోడానికి కాదు’ అని నవ్వేస్తారు.

ఒకసారి మా అమ్మమ్మ కాసులపేరు చూపించాను. విక్టోరియా సవరన్లకు కంసాలి టంకం పెట్టి కొండీలు అతికించాడు. ‘అయ్యో, నాణేన్ని చంపేశారు’ అన్నారాయన. నేనొప్పుకోను. పెట్టెలో పడుండటం కంటే అమ్మమ్మ మెడలో ఉండటమే దానికి బతుకు. రాణిగారి చెంప అరిగింది గానీ.

మాట్లాడకుండా ఒక్కో కాసునూ వెనక్కి తిప్పి చూశారు. మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చేశారు.