ఎరువుల కొట్టు వెనక పట్టికలు

నారాయణఖేడ్ లాంటి ఊళ్లో ఎరువుల కొట్టు సరుకును కంప్యూటర్‌లోకి ఎక్కించడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది. పత్తి విత్తనాల ప్యాకెట్‌కు మొలక శాతం రాయాలి. యూరియాకైతే నత్రజని 46 శాతం, బస్తా 45 కిలోలు. పురుగుమందు డబ్బాకు విషతీవ్రత చెప్పే రంగు. అన్నీ ఒకే పట్టికలో కుక్కితే సగం గళ్లు ఖాళీ. 'గుణం, విలువ' అని రెండే గళ్లు పెట్టి అన్నీ అందులో పోస్తే, గడువు తేదీ చోట 'వచ్చే నెల' అని కొట్టినా డేటాబేస్ నోరెత్తదు.

పనితనం ఉన్నవాళ్లు పేరు, కంపెనీ, ధరలకు ఉమ్మడి పట్టిక ఒకటి వేస్తారు. విత్తనానికి, ఎరువుకు, మందుకు తలా ఒకటి. వస్తువు నంబరే వీటిని కలిపే ముడి. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి ఇదే.

అసలు నేర్పు మరోచోట ఉంది. గడువు వస్తువుది కాదు, లాటుది. ఒకే రకం విత్తనం రెండు లాట్లుగా వస్తే గడువులూ రెండు. కాబట్టి లాటుకు సొంత పట్టిక ఉండాల్సిందే. (ఏ వివరాన్నైనా స్వేచ్ఛగా రాసుకోనిచ్చే జేసన్ (JSON) గడి అరుదైన వివరాలకు సరే, గడువుకు మాత్రం వద్దు.) వానాకాలం రద్దీలో ఏ లాటు అమ్మకూడదో ఒక్క క్వెరీతో తేల్చేవాళ్లు దొరికితే, కొట్టు యజమానులారా, బేరమాడకండి.