షోపాన్ ప్రెల్యూడ్: ఒక్క గాంధారం, రెండు పాఠాలు

8.1 పరిచయం

గత పాఠంలో మీరు రొమాంటిక్ యుగంలో పియానో కోసం రాసిన చిన్న రచనల గురించి తెలుసుకున్నారు. ఆ రచనలు మనకు అచ్చుప్రతుల ద్వారానే అందుతాయి. మరి అచ్చులో ఉన్నదంతా స్వరకర్త రాసిందేనా? కాకపోతే ఎవరు, ఏ ఆధారంతో మార్చారు? తాళపత్ర ప్రతుల నుంచి కావ్యాన్ని పరిష్కరించే పండితుడికి ఎదురయ్యే ప్రశ్నలే ఇవి. ఇప్పుడు ఒకే ఒక్క స్వరాన్ని తీసుకొని వీటిని పరిశీలిద్దాం.

8.2 సమస్య ఎక్కడ ఉంది?

షోపాన్ 24 ప్రెల్యూడ్లు ఓపస్ 28గా 1839లో అచ్చయ్యాయి. వాటిలో 20వది సి మైనర్‌లో ఉంది. దాని నిడివి 13 బార్లు మాత్రమే. మొదటి నాలుగు బార్లు చాలా బిగ్గరగా, తరువాతి నాలుగు మెల్లగా వినిపిస్తాయి. ఆ రెండో నాలుగు బార్లే ఇంకా మెల్లగా మళ్లీ వచ్చి, ఒక్క కార్డ్‌తో రచన ముగుస్తుంది.

సి మైనర్‌లో 'ఇ' స్వరం సహజంగా ఫ్లాట్‌గా ఉంటుంది. దాని ముందు నేచురల్ గుర్తు వస్తే ఆ మార్పు ఆ బార్ ముగిసేవరకు నిలుస్తుంది. మూడో బార్‌లో అటువంటి గుర్తు ఉంది. అదే బార్ చివరి కార్డ్‌లో మళ్లీ 'ఇ' వస్తుంది. షోపాన్ స్వహస్తప్రతిలో ఈ రెండో 'ఇ' ముందు ఏ గుర్తూ లేదు. నియమం ప్రకారం చదివితే అది ఇ-నేచురల్, కార్డ్ మేజర్ అవుతుంది. షోపాన్ ఫ్లాట్ గుర్తు పెట్టడం మరచిపోయాడనుకుంటే అది ఇ-ఫ్లాట్, కార్డ్ మైనర్ అవుతుంది. 'సి'ని షడ్జంగా భావిస్తే మొదటిది అంతర గాంధారం, రెండోది సాధారణ గాంధారం. తేడా ఎంతటిదో మీరే పాడి చూసుకోవచ్చు.

8.3 ఆధారాలు ఏం చెబుతున్నాయి?

ఆ రోజుల్లో ఒక దేశపు ముద్రణ హక్కు మరో దేశంలో చెల్లేది కాదు. అందువల్ల షోపాన్ రచనలు ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్‌లలో వేర్వేరు ప్రచురణకర్తల ద్వారా వెలువడేవి. ప్రెల్యూడ్ల పారిస్ ముద్రణకు షోపాన్ స్వహస్తప్రతి ఆధారం. లైప్‌జిగ్ ముద్రణకు ఆయన మిత్రుడు ఫొంటానా రాసిన నకలు ఆధారం. అంటే 'మొదటి ముద్రణ' అనేది కూడా ఒక్కటి కాదు.

ఇవి చాలవన్నట్టు మరో సాక్ష్యం ఉంది. షోపాన్ పాఠం చెబుతూ శిష్యుల అచ్చుప్రతుల్లో పెన్సిల్‌తో దిద్దేవాడు. ఆయన శిష్యురాలు జేన్ స్టిర్లింగ్ ప్రతిలో మన సమస్యాత్మకమైన 'ఇ'కి ఫ్లాట్ గుర్తు చేర్చి ఉంది. అయితే శిష్యుల ప్రతుల్లో కనిపించే ప్రతి మార్పూ తప్పుల సవరణ కాదు. కొన్ని ఆ శిష్యుల కోసం చేసిన మార్పులు కావచ్చు. కాబట్టి ఆ గుర్తు ఒక్కటే చాలదు, సంగీతాన్ని కూడా అడగాలి.

నాలుగో బార్ జి మేజర్ కార్డ్ మీద ఆగుతుంది. అంతకు ముందే సి మేజర్ వినిపిస్తే, ఆ ఆగడంలోని వెలుగు పలచబడుతుంది. మైనర్ అయితే చీకటి చివరి వరకు నిలిచి, ఆ వెలుగుకు బలం వస్తుంది. ఈ రెండు కారణాల వల్ల ఫ్లాట్ పాఠమే మెరుగని మా అభిప్రాయం. నేచురల్ పాఠానికి స్వహస్తప్రతి అండ ఉందన్న సంగతిని మాత్రం దాచకూడదు.

8.4 ముద్రణల విలువ

షోపాన్ రచనల ముద్రణలను స్థూలంగా రెండు రకాలుగా చూడవచ్చు. మొదటిది వాదకుడి ముద్రణ. ఆల్‌ఫ్రెడ్ కోర్తో తన ముద్రణలో కష్టమైన చోట్లకు అభ్యాసాలు, సలహాలు చేర్చాడు. అది గొప్ప గురువు పాఠం విన్నట్టు ఉంటుంది. కానీ అక్కడ కోర్తో గొంతు, షోపాన్ గొంతు కలిసిపోయే ప్రమాదం ఉంది.

రెండోది 'ఉర్‌టెక్స్ట్', అంటే మూలపాఠ ముద్రణ. 1948లో మొదలైన హెన్లె సంస్థ ఈ మార్గంలో ప్రసిద్ధి పొందింది. పోలండ్‌లో యాన్ ఎకియర్ సంపాదకత్వంలో వచ్చిన జాతీయ ముద్రణ కూడా మూలాధారాల పరిశీలన మీదే నిలిచింది. ఇటువంటి ముద్రణలు తరువాతి తరాలవారు చేర్చిన గుర్తులను తొలగించి మనకు పెద్ద మేలు చేశాయి.

అయినా ఒక హెచ్చరిక అవసరం. శుభ్రంగా కనిపించే పుట స్వరకర్త చేతిరాత కాదు. ఆధారాలు విభేదించిన ప్రతిచోటా పరిష్కర్త ఒకదాన్ని ఎంచుకున్నాడు. వేళ్ల అంకెలు కూడా చాలాసార్లు సంపాదకులు చేర్చినవే. అందుకే ఉర్‌టెక్స్ట్ అసలు బలం స్వరాల పుటలో కాక, ఆధారాలను వివరించే వ్యాఖ్యలో ఉంటుంది. ఆ వ్యాఖ్య పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉంటే విద్యార్థి దాన్ని తెరవడు. వ్యాఖ్య లేని జిరాక్స్ ప్రతితో నేర్చుకునేవారికి అసలు అటువంటి ప్రశ్న ఉందనే తెలియదు. వాయించేటప్పుడు కంటికి కనిపించేలా మూడో బార్ కిందే పాఠాంతరాన్ని చూపడం మంచి పద్ధతి.

8.5 సారాంశం

మంచి పరిష్కరణ సందేహాన్ని తుడిచేయదు, దాన్ని మనకు అప్పగిస్తుంది. ఒక ముద్రణను అంచనా వేసేటప్పుడు 'ఇది అసలైనదా?' అని మాత్రమే అడిగి ఆగకండి. 'ఎక్కడ ఎంచుకున్నారు? ఎందుకో చెప్పారా?' అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మూడో బార్ చివరి కార్డ్ విషయంలో రెండు పాఠాలకు ఉన్న ఆధారాలు ఏవి?
2. శిష్యుల ప్రతుల్లోని దిద్దుబాట్లను ఎందుకు జాగ్రత్తగా వాడాలి?
3. ఈ ప్రెల్యూడ్‌ను రెండు వేర్వేరు వాదకుల రికార్డింగుల్లో వినండి. ఎవరు ఏ పాఠాన్ని ఎంచుకున్నారో గుర్తించి, మీకు ఏది సమంజసమో పది వాక్యాల్లో రాయండి. మా అభిప్రాయంతో మీరు ఏకీభవించనవసరం లేదు. కారణం మాత్రం చెప్పాలి.