నీతీ న్యాయమూ: జంటమాటల సామాజికార్థం

కూచిపూడిలో ‘ఆటాపాటా’ అన్నప్పుడు ఆట ఒకటి, పాట ఒకటి అని ఎవరూ లెక్కపెట్టరు. భామాకలాపంలో సత్యభామ వేషం కట్టిన నటుడు తానే పాడుతూ తానే అభినయించేవాడు. పాట తీసివేస్తే మిగిలినదాన్ని కలాపం అనరు. రెండు మాటలు జోడించి ఒక్క భావం సాధించడం మన జనం భాషలో పాతుకుపోయిన అలవాటు. ‘కూడూ గుడ్డా’ అంటే బతుకుతెరువు. ‘ఇల్లూ వాకిలీ’ అంటే మొత్తం సంసారం.

మన విమర్శకుల్లో కొందరు ఇటువంటి జంటల్ని పునరుక్తిగా, మాటల దుబారాగా కొట్టివేస్తారు. ఇది తొందరపాటు. సంస్కృత వ్యాకర్తలు సమాహార ద్వంద్వానికి ఏకవచనం విధించారు. ‘పాణిపాదం’ అన్నప్పుడు చేతులూ కాళ్లూ కలిసి ఒక్కటే. దీనికి దగ్గరి ప్రయోగాన్ని లాటిన్ వ్యాఖ్యాతలు గ్రీకు మాటలతో ‘హెండయడిస్’ అన్నారు. ‘రెంటి ద్వారా ఒకటి’ అని దాని అర్థం. యూదుల, క్రైస్తవుల గ్రంథాల్లో ఈ ప్రయోగం విరివిగా ఉంది. దాన్ని గుర్తించడం, గుర్తించకపోవడం కేవలం పండితుల తగాదా కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బైబిలు కృష్ణా డెల్టాకు పరాయి పుస్తకం కాదు. విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషనరీల కృషి ఫలితంగా 1812లో శ్రీరాంపురంలో తెలుగు సువార్తలు అచ్చయినవి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లు కూచిపూడికి దగ్గరి రేవైన బందరుకు వచ్చారు. ఆ తరువాత ఆ గ్రంథం ఎక్కువగా చేరింది మాలపల్లెలకు, మాదిగపల్లెలకు. కృష్ణకు ఆవలి ఒడ్డున, గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున ఉన్న కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన బెనె ఎఫ్రాయీము సమాజం 1990ల నుంచి యూదులుగా సినగాగు నడుపుకొంటున్నది. కనుక ఈ జంటమాటలు తెలుగు శ్రామికుల చెవిన పడుతున్న మాటలే.

రెండు చిన్న ఉదాహరణలు చూద్దాం. ఆదికాండం 3వ అధ్యాయంలో స్త్రీతో దేవుడు పలికే మాటల్లో హెబ్రూ మూలం ‘నీ బాధ’ అనీ ‘నీ గర్భం’ అనీ రెండు నామవాచకాలు చెబుతుంది. పలువురు పండితుల అభిప్రాయంలో అవి రెండు శిక్షలు కావు. ప్రసవ బాధ ఒక్కటే. లూకా 21వ అధ్యాయంలో ఏసు శిష్యులకు ‘నోరు’, ‘జ్ఞానం’ ఇస్తానంటాడు. అంటే జ్ఞానంతో కూడిన మాట. ఈ చోట్ల జంటను విడదీస్తే అర్థం కొంత సడలుతుందే తప్ప పెద్ద నష్టం లేదు.

అసలు నష్టం మరొక చోట ఉంది. ‘మిష్పాట్ ఉ-ట్సెదాకా’ అనే జంట ప్రవక్తల గ్రంథాల్లో పదే పదే వస్తుంది. తెలుగులో న్యాయం, నీతి. హెబ్రూ పండితుడు మోషే వైన్‌ఫెల్డ్ 1995లో వెలువడిన ఆంగ్ల గ్రంథంలో దీన్ని సాంఘిక న్యాయం అనే ఒకే భావంగా నిరూపించబూనాడు. బాబిలోను రాజులు అప్పులు రద్దు చేస్తూ శాసనాలు ప్రకటించేవారు. క్రీ.పూ. 17వ శతాబ్దంలో అమ్మిసదూక వేయించిన శాసనం అటువంటిదే. అక్కడి అక్కాదు భాషలోనూ ఇటువంటి జంటే ఉంది. అంటే ఆ మాటల వెనుక అప్పు, భూమి, బానిసత్వం అనే గట్టి విషయాలున్నాయి.

యిర్మీయా 22వ అధ్యాయం దీనికి బలమైన సాక్ష్యం. యెహోయాకీము రాజు గొప్ప మేడ కట్టించుకుంటాడు. ప్రవక్త ఈ జంటనే రెండు పాదాలకు పంచి, ఆ ఇల్లు నీతి లేకుండా, ఆ మేడగదులు న్యాయం లేకుండా లేచాయంటాడు. వెంటనే కారణం చెబుతాడు: కూలి ఇవ్వకుండా పనిచేయించుకున్నాడు. మన భాషలో ఇది వెట్టి! తరువాత ఆ రాజు తండ్రి యోషీయాను గుర్తుచేస్తూ అవే రెండు మాటల్ని జంటగా కలిపి, పేదల పక్షాన తీర్పు చేశాడని వివరిస్తాడు. ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం ఏ నిఘంటువు ఇవ్వగలదు?

ఈ జంట విడిపోతే ఏమవుతుంది? నీతి అంటే తాగకుండా, అబద్ధమాడకుండా ఉండే వ్యక్తి నడవడి అవుతుంది. న్యాయం అంటే కోర్టో, అంత్యదినాన తీర్పో అవుతుంది. రెంటి నడుమ వెట్టి మాట జారిపోతుంది. ప్రసంగ వేదికల మీద జరుగుతున్నది ఎక్కువగా ఇదే.

అయితే తప్పు బోధకులదే అనుకోవడం ఆత్మవంచన. మనమూ ఈ జంటను తెంచాం. న్యాయాన్ని పోరాటానికి ఉంచుకుని, నీతిని పాలకవర్గపు సరుకని పురోహితులకు వదిలిపెట్టాం. కాని కూలి అందని మనిషి ‘నీతీ న్యాయం లేదా?’ అని అడుగుతాడు. ‘లేవా’ అనకుండా ఏకవచనమే వాడతాడు. ఆ ఏకవచనంలో గట్టి సామాజిక జ్ఞానం ఉంది.

ఒక హెచ్చరిక అవసరం. ‘మరియు’ కనబడిన ప్రతిచోటా ఏకభావం వెదకరాదు. యిర్మీయా చేసినట్టు హెబ్రూ కవులు జంటను రెండు పాదాలకు పంచడమూ కద్దు. అప్పుడు ఒక్కొక్క మాటకు తన బరువు ఉంటుంది. సందర్భమే ప్రమాణం.

ఇదంతా నేటి ప్రశ్న కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది. క్రైస్తవులైన మాల మాదిగలు బయటే ఉండిపోయారు. వాళ్లు ప్రతి ఆదివారం వినే గ్రంథంలోనే కూలి ఎగ్గొట్టిన రాజును నిలదీసిన జంటమాట ఉంది. దాన్ని దాని పూర్తి అర్థంతో వాళ్లకు అందించడం అనువాదకుల బాధ్యత. ఆ అర్థాన్ని గుర్తించి వాళ్లతో కలిసి నిలబడటం అభ్యుదయ విమర్శకుల బాధ్యత.