పెద్దకర్మ అయ్యాక

చావు జరిగిన ఇంటికి బయల్దేరితే దారంతా ఒకటే బెంగ: ఏం మాట్లాడాలి? ఆ బెంగతోనే చాలామంది పరామర్శ వాయిదా వేస్తారు, తర్వాత మొహం చెల్లక మానేస్తారు. వెళ్లినవాళ్లం "ఊరుకోమ్మా, పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో" అంటాం. ఆమె ఏడుస్తుంటే చూడలేక అనే మాట అది. ఊరట మనకే.

అందుకే ముందు నా గుండె సంగతి చూసుకుంటాను. ఇది భయం, ఇది మా నాన్న పోయినప్పటి దిగులు అని గుమ్మం ఎక్కకముందే నాలో నేను పేరు పెట్టి చెప్పుకుంటాను. కోపంగానో భయంగానో ఉన్న మొహాల ఫొటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు మెదడులో అమిగ్డలా స్పందన తగ్గిందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించింది.

మన పల్లెటూరి ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడవడంలో ఇలాంటి పనే జరుగుతుందనిపిస్తుంది. పోయిన మనిషి ఏం ఇష్టంగా తినేవాడో, ఏ పని సగంలో వదిలేశాడో అంతా రాగం తీసి అతనికే చెప్పుకుంటారు. చదువుకున్న ఇళ్లలో దాన్ని మోటు అనుకున్నాం. చాలా పోగొట్టుకున్నాం. ఇప్పుడు ఏడుస్తారేమోనని పోయినవాళ్ల పేరే ఎత్తం. వాళ్లు ఆ పేరు మరిచిపోయింది ఎప్పుడు గనక! "అన్నయ్య గురించి చెప్పు వదినా" అని అడిగి చూడండి. గంట కూర్చోవలసి వస్తుంది, కూర్చోండి. ఏ ఆస్పత్రి, ముందే ఎందుకు చూపించలేదు అనే ఆరాలు మాత్రం వద్దు. ఆత్మహత్య జరిగిన ఇంట్లో అయితే ఒక్కటి కూడా వద్దు. ఆ ప్రశ్నలు వాళ్లు రాత్రంతా తమను తాము అడుగుతూనే ఉంటారు.

పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. బంధువులు నిద్రకు తీసుకెళ్తారు, వండి పంపుతారు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ. అసలు అవసరం అప్పుడు మొదలవుతుంది: మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, పింఛను. "ఏదైనా కావాలంటే చెప్పు" అంటే అడిగే భారం కూడా ఆమె మీదే పడుతుంది. "గురువారం మీసేవకు నేనొస్తాను, ఆధార్ కార్డు తీసి పెట్టుకో" అంటే పని జరుగుతుంది. ఏడాదిపాటు ఆ ఇంట్లో పండగ చేయరు, కాబట్టి పండగనాడు ఎవరూ ఆ గడప తొక్కరు. నేను ఆ రోజే వెళ్తాను.

దుఃఖానికి గడువు పెట్టడం నాకు నచ్చదు. అయితే ఆరు నెలలు దాటినా మనిషి తేరుకోక, రోజువారీ పనులే సాగకపోతే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. బతకాలని లేదన్న మాట వినబడితే ఆరు రోజులు కూడా ఆగకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు రాసిచ్చి రాకండి. పక్కన కూర్చుని మీ ఫోన్‌ నుంచే కలిపి ఇవ్వండి.